చెక్కకు చిత్రిక... ఇంట్లోనే!

పాత పెంకుటిల్లు పడగొట్టి కొత్తది కడుతున్నారు. తాతగారి హయాంలో వేయించిన దూలాలు, వాసాలు, గడపలు, ద్వారబంధాలు పెరట్లో గుట్టగా పడి ఉన్నాయి. పొగచూరి, సున్నం మరకలతో చూడ్డానికి వికారంగా ఉంటాయి. ఒకచోట కత్తితో గీరితే చాలు... లోపల తేనెరంగు టేకు! పెద్దవాళ్లు ఇప్పటికీ 'రంగూన్ టేకు' అని చెప్పుకునే సరుకు. పాత సామాన్లు కొనేవాడు వచ్చి గుత్తకి బేరమాడుతుంటాడు. అప్పుడే ఇంట్లో ఎవరో ఒకరంటారు... 'అమ్మేయడమెందుకు? డైనింగ్ టేబుల్ చేయించుకుందాం' అని. ఈమధ్య ఆ మాటకి ఇంకో మాట తోడవుతోంది. 'చేయించుకోవడమెందుకు, మనమే చేసుకుందాం!'

సెలవురోజున ఉలీ సుత్తీ పట్టుకునే ఉద్యోగులు, రిటైరయ్యాక కారు షెడ్డుని వర్క్‌షాపుగా మార్చుకున్న పెద్దాయనలు, యూట్యూబ్ చూసి మొదలుపెట్టిన కుర్రాళ్లు... ఇలాంటివారు మీ వీధిలోనూ ఒకరైనా ఉండే ఉంటారు. రంపం, డ్రిల్లు, సాండరు కొనేశాక వాళ్లందరి చూపూ ఒక మిషను మీద పడుతుంది. అదే థిక్‌నెస్ ప్లానర్. ఇంటి వర్క్‌షాపు మొత్తంలో ఎక్కువ ఖర్చు, ఎక్కువ చప్పుడు, ఎక్కువ చెత్త... మూడూ సాధారణంగా దానివే. తొందరపడి కొంటే షెడ్డులో మూల కూర్చుంటుంది. తెలిసి కొంటే తాతగారి దూలం మనవడి చదువుకునే బల్ల అవుతుంది.

రందా వేరు... రందా మిషను వేరు!

పుస్తకాల్లో చిత్రిక, కోస్తాలో తోపడా, తెలంగాణలో రందా. పేరేదైనా వడ్రంగి చేతిలో ఉండే ఆ పనిముట్టు అందరికీ తెలిసిందే. తోస్తుంటే ఉల్లిపొరలా చెక్క చుట్టలు చుట్టుకుని లేస్తుంది. మాటకీ పద్యానికీ కూడా 'చిత్రిక పట్టడం' అంటున్నామంటే ఆ పని మన నాలుకమీద ఎంతగా నిలిచిపోయిందో చూడండి.

అయితే చిత్రికతో నునుపు తేవడం తేలిక. ఆరు పలకల్నీ ఒకే మందానికి తేవడమే కష్టం. బల్ల పైభాగం కావాలంటే ఐదారు పలకల్ని పక్కపక్కన అతికించాలి. అందులో ఒకటి అంగుళం, పక్కది అంగుళంమీద నూలు ఉందనుకోండి. నూలంటే తెలుసుగా, అంగుళంలో ఎనిమిదో వంతు. ఆ కాస్త తేడాకే అతుకు దగ్గర మెట్టు తేలుతుంది. కంచం పెడితే ఊగుతుంది. చెయ్యి తిరిగిన మేస్త్రి అయితే చేత్తోనే సరిచేస్తాడు. మనకి ఆదివారాలు చాలవు.

థిక్‌నెస్ ప్లానర్ చేసేది ఆ పనే. కింద చదునైన ఇనుప పీఠం. పైన గిర్రున తిరిగే కత్తుల రోలు. రెండింటి మధ్య ఎంత ఎడం ఉండాలో పిడి తిప్పి మనమే పెట్టుకుంటాం. పలకని అంచున అందిస్తే రోలర్లు లాక్కుంటాయి, చెరుకు గడని రసం మిషను లాక్కున్నట్టే. పైపొరని కత్తులు చెక్కేస్తాయి. అవతల పక్కకి వచ్చేసరికి మందం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒక్కటే.

ఇక్కడే చాలామంది పొరబడేది. ఈ మిషను వంకర పలకని తిన్నగా చేయదు! రోలర్లు పైనుంచి నొక్కిపట్టినప్పుడు పలక చదునుగా అయినట్టే కనిపిస్తుంది. బయటికి రాగానే మళ్లీ వంగుతుంది. అంటే వంకర పలక పెడితే, సమానమైన మందమున్న వంకర పలక వస్తుందన్నమాట. ముందు ఒక ముఖం చదునుగా ఉంటేనే రెండో ముఖం దానికి సమాంతరంగా తెగుతుంది. ఆ మొదటి ముఖాన్ని చదును చేయడానికి సర్ఫేస్ ప్లానర్ అని ఇంకో మిషను ఉంది. దుకాణంలో ఈ సంగతి అడక్కపోతే చెప్పేవాళ్లు తక్కువ.

రెండూ కొనాలా? అక్కర్లేదు. మందపాటి ప్లైవుడ్ ముక్కొకటి తీసుకుని, దానిమీద వంకర పలకని పెట్టి, ఎక్కడెక్కడ గాలి ఆడుతోందో అక్కడ సన్నటి చెక్క చీలికలు దోపి, వేడి జిగురుతో అంటిస్తే చాలు. పలక కదలదు, రోలర్లు నొక్కినా వంగదు. ప్లైవుడ్‌తో సహా మిషనులో పెట్టి రెండు మూడుసార్లు పంపితే పైముఖం చదునవుతుంది. తర్వాత చీలికలు తీసేసి, పలకని తిరగేసి, ఈసారి ప్లైవుడ్ లేకుండా పంపాలి. కాస్త ఓపిక కావాలి కానీ ఒక మిషను ఖర్చు, అది ఆక్రమించే చోటు రెండూ మిగులుతాయి. ఓపిక లేనివాళ్లు ఆ మొదటి ముఖాన్ని చేతి చిత్రికతో తీసుకోవచ్చు. అదేమంత అందంగా రానక్కర్లేదు, పీఠంమీద ఊగకుండా కూర్చుంటే చాలు.

బటాలా బరువా? బల్లమీది బుల్లిదా?

కలపకి యంత్రంతో చిత్రిక పట్టాలన్న ఆలోచన ఇవాళ్టిది కాదు. ఇంగ్లండులో శామ్యూల్ బెంథామ్ 1791, 1793ల్లో దీనికి పేటెంట్లు తీసుకున్నాడు. 1802లో జోసెఫ్ బ్రామా ఊలిచ్ ఆయుధాగారంలో ఓ పెద్ద యంత్రం పెట్టాడు. అమెరికాలో విలియం వుడ్‌వర్త్ 1828లో రోలర్లు, తిరిగే కత్తులు కలిపిన మిషనుకి పేటెంట్ పొందాడు. ఆయన పోయాక కూడా ఆ హక్కుని పొడిగించుకుంటూ 1856 దాకా ఏలారు. అప్పటిదాకా మిల్లులవాళ్లు వాళ్లకి రుసుము కట్టాల్సిందే. కోర్టుల్లో ఎన్ని దావాలు నడిచాయో! ఇదంతా మిల్లుల సంగతి. ఒక మనిషి ఎత్తి బల్లమీద పెట్టుకోగలిగిన బుల్లి ప్లానర్లు వచ్చింది మాత్రం 1980ల నడుమనే.

ఇవాళ మన మార్కెట్లో ఈ రెండు కాలాలూ పక్కపక్కనే దొరుకుతాయి. ఒకవైపు పంజాబ్‌లోని బటాలా, లూధియానాల నుంచి వచ్చే పోత ఇనుము మిషన్లు. పైన సర్ఫేస్ ప్లానర్, కింద థిక్‌నెసర్. కొన్నింటికి పక్కన గుండ్రటి రంపం కూడా ఉంటుంది. విడిగా మోటారు, బెల్టు. ఒకసారి దించితే మళ్లీ కదపాలంటే నలుగురు మనుషులు కావాలి. చప్పుడు తక్కువ, ఓర్పు ఎక్కువ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తిప్పినా అలగవు. పాడైతే ఊళ్లో ఉన్న మోటారు వైండింగ్ మనిషి, లేతు మిషనాయన కలిసి బాగుచేసేస్తారు. కానీ వీటిలో కొన్నింటికి కత్తుల మీద కాపలా మూత సరిగా ఉండదు. బెల్టు బయటే తిరుగుతుంటుంది. ఇంట్లో పిల్లలుంటే ఇది చిన్న విషయం కాదు.

రెండోవైపు బల్లమీది రకం. ఉదాహరణకి మకిటా 2012ఎన్‌బీ. 304 మిల్లీమీటర్లు, అంటే దగ్గరదగ్గర 12 అంగుళాల వెడల్పు పలక పడుతుంది. 1,650 వాట్ల మోటారు. బరువు 28 కిలోలు. పని అయ్యాక ఇద్దరు పట్టుకుని గోడవారకి జరిపేయొచ్చు. ఇలాంటివాటిలో ఉండేది మిక్సీలో ఉండే తరహా బ్రష్షుల మోటారు. అందుకే అంత చిన్నగా ఉండి అంత బలం చూపిస్తుంది. అందుకే అంత అరుస్తుంది కూడా. గంటల తరబడి ఆపకుండా తిప్పకూడదు. కరెంటు సంగతికొస్తే 230 వోల్టుల దగ్గర ఏడు ఆంపియర్ల పైచిలుకు లాగుతుంది. ఫోన్ చార్జర్ పెట్టే మామూలు ప్లగ్గు పనికిరాదు. గీజర్‌కి, ఏసీకి వేసే పవర్ ప్లగ్గు, సరైన ఎర్తింగు ఉండాలి. పొడవాటి సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరుతో నడిపితే వోల్టేజి పడిపోయి మోటారు వేడెక్కుతుంది.

నా మాట అడిగితే, సొంత షెడ్డు ఉండి, నేల గట్టిగా ఉండి, నెలనెలా పని ఉన్నవాళ్లకే పోత ఇనుము. మిగతావారికి బల్లమీదిదే మేలు. అపార్టుమెంటు బాల్కనీలో పెట్టుకుందామనుకునేవాళ్లకి మాత్రం ఏదీ వద్దు. మొదటి ఆదివారమే అసోసియేషన్ మీటింగ్ పెడతారు.

అమెరికా నుంచి తెప్పిస్తే?

'మావాడు డల్లాస్‌లో ఉన్నాడు, వచ్చేటప్పుడు తెమ్మంటాను' అనే నాన్నలున్నారు. తిరిగొచ్చేసేవాళ్లు అక్కడి వర్క్‌షాపునంతా కంటెయినర్లో వేసి పంపడమూ ఉంది. అక్కడ బాగా పేరున్నది డివాల్ట్ 735. 13 అంగుళాల వెడల్పు, మూడు కత్తులు. మిషను మంచిదే. కానీ బరువు 42 కిలోల దాకా ఉంటుంది. విమానంలో ఒక్కో పెట్టెకి 32 కిలోలు దాటితే మామూలుగా తీసుకోరు. అంతకన్నా పెద్ద చిక్కు కరెంటు. అక్కడ కొన్నది 120 వోల్టులది. మన ప్లగ్గులో నేరుగా పెడితే క్షణాల్లో మోటారు మాడిపోతుంది. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. 15 ఆంపియర్ల మిషను, పైగా స్టార్టయ్యేటప్పుడు ఇంకా ఎక్కువ లాగుతుంది కాబట్టి 3 కేవీఏ కంటే తక్కువది తీసుకుంటే ఇబ్బంది. అది మళ్లీ ఇంకో బరువు, ఇంకో ఖర్చు. వారంటీ ఇక్కడ పనిచేస్తుందన్న నమ్మకమూ పెట్టుకోవద్దు. ఇప్పటికే అక్కడ వాడుతూ సామానుతో పాటు వస్తుంటే సరే. పనిగట్టుకుని కొని తెప్పించుకోవడంలో లాభం లేదు.

నునుపు లెక్కేంటంటే...

ప్రకటనల్లో వాట్లు, హార్స్‌పవర్లు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. చెక్క నునుపుగా వస్తుందా లేదా అన్నది చెప్పేది ఇంకో లెక్క. అంగుళం మేర చెక్క జరిగేలోపు కత్తి ఎన్నిసార్లు తగులుతోంది అన్నది. పైన చెప్పిన మకిటాలో కత్తుల రోలు నిమిషానికి 8,500 చుట్లు తిరుగుతుంది. కత్తులు రెండు. అంటే నిమిషానికి 17,000 కోతలు. అదే నిమిషంలో పలక 8.5 మీటర్లు జరుగుతుంది. భాగిస్తే మిల్లీమీటరుకి రెండు, అంగుళానికి 50 కోతలు. డివాల్ట్‌లో 10,000 చుట్లు, మూడు కత్తులు, రెండు వేగాలు. వేగంగా పంపితే అంగుళానికి 96, నిదానంగా పంపితే 179. ఇంట్లో వాడే బల్లకి 50 తక్కువేం కాదు, ఎలాగూ తర్వాత ఉప్పుకాగితం పట్టాల్సిందే. కానీ పీచు మొరాయించే కలప అయితే ఎక్కువ కోతలున్న మిషను తేడా చూపిస్తుంది. దుకాణంలో ఈ మూడు అంకెలూ అడగండి... చుట్లు, కత్తులు, పలక నడిచే వేగం. మిగతా లెక్క ఇంటికొచ్చి పిల్లల చేత చేయించొచ్చు!

ఇప్పుడు ఇంకో రకం వస్తోంది. పొడుగాటి కత్తులకి బదులు రోలు చుట్టూ మెలికలుగా చిన్నచిన్న చదరపు బిళ్లలుంటాయి, కార్బైడ్‌వి. ఒక అంచు మొద్దుబారితే బిళ్లని పావు చుట్టు తిప్పితే కొత్త అంచు వస్తుంది. నాలుగు అంచులూ అయ్యాకే మార్చడం. చప్పుడు బాగా తగ్గుతుంది, పీచు పెళ్లగించుకుపోవడమూ తగ్గుతుంది. ధర మాత్రం పెరుగుతుంది. టేకుతోనే ఎక్కువ పనిచేసేవాళ్లు దీని గురించి ఆలోచించొచ్చు. ఎందుకంటే టేకులో సహజంగానే ఇసుకలో ఉండే సిలికా ఉంటుంది. చేతికి మెత్తగా, నూనెగా తగిలే ఆ చెక్కే కత్తి పదునుని ఇట్టే తినేస్తుంది. మామూలు హైస్పీడ్ స్టీల్ కత్తులు అందుకే టేకు ముందు త్వరగా అలసిపోతాయి.

వేపది ఇంకో తంతు. దాని పీచు ఒక పొరలో ఒకవైపు, పక్క పొరలో ఇంకోవైపు తిరిగి ఉంటుంది. ఎటు నుంచి పంపినా ఏదో ఒక పట్టీ లేచిపోతుంది. సన్నగా, విడతకి అర మిల్లీమీటరు చొప్పున తీసుకోవడమే మార్గం. మామూలు కలపకి కూడా ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు మించి ఒక్క విడతలో తీయాలని చూడొద్దు.

మేకు... మిషనుకి మృత్యువు

పాత ఇంటి కలప గురించి మొదలుపెట్టాం కాబట్టి ఇది గట్టిగా చెప్పాలి. దూలంలో మేకులుంటాయి. తల విరిగి లోపల దిగబడిపోయినవి, పైకి చిన్న నల్లచుక్కలా కనిపించేవి. వందేళ్లుగా ఇంటిని మోసిన ఆ ఒక్క మేకే కత్తుల జతని పాడుచేస్తుంది. ముక్క ఎగిరి కంట్లో పడితే నష్టం కత్తులతో పోదు. టింబర్ డిపోకి పాత కలప తీసుకెళితే 'మేకులున్నాయా సార్?' అని ముందే అడిగేది అందుకే. కొన్నిచోట్ల అసలు మిషను ఎక్కించనే ఎక్కించరు. నల్లమచ్చ కనిపించిన ప్రతిచోటా తవ్వి చూడాలి. చేత్తో పట్టుకునే చిన్న మెటల్ డిటెక్టర్ దొరుకుతుంది. పాత కలపతో పనిచేసేవాళ్లకి మిషను కంటే ముందు కొనాల్సింది అదే. సున్నం, మట్టి కూడా కత్తికి శత్రువులే. ఇనుప తీగల బ్రష్షుతో బాగా రుద్దాకే లోపలికి పంపాలి.

ఇంకో సంగతి. పాత దూలం ఎండిపోయి ఉంటుంది కదా అని కోసిన రోజే తుది మందానికి దించేయకండి. ఏళ్ల తరబడి లోపల బిగుసుకున్న ఒత్తిడి, దూలాన్ని పలకలుగా చీల్చగానే బయటపడుతుంది. నిన్న తిన్నగా ఉన్న పలక ఇవాళ విల్లులా వంగొచ్చు. అందుకని రెండు విడతలుగా చేయాలి. మొదట ఒకటిన్నర నూలు మందం ఎక్కువే ఉంచి దింపి, పలకల మధ్య బద్దలు పెట్టి, నీడన, గాలి ఆడేచోట వారం పది రోజులు వదిలేయాలి. తర్వాత రెండు ముఖాల నుంచీ సమానంగా తీస్తూ కావలసిన మందానికి తేవాలి. పడగొట్టాక వర్షంలో తడిసిన కలపైతే ఇంకా ఎక్కువ రోజులు పడుతుంది. తేమ కొలిచే మీటరు ఉంటే 12 శాతం దగ్గరికి వచ్చిందో లేదో చూసుకోవచ్చు. విశాఖ తేమ వేరు, హైదరాబాద్ పొడి వేరు. బల్ల ఏ ఊళ్లో ఉండబోతోందో ఆ ఊరి గాలికి అలవాటు పడనివ్వడం మంచిది.

పలక మొదట్లో, చివర్లో రెండు మూడు అంగుళాల మేర కాస్త ఎక్కువ తెగి గాడిలా పడుతుంది. ఏ మిషన్‌లోనైనా ఎంతో కొంత ఉండేదే. పలక ఒక రోలరు కిందే ఉన్నప్పుడు దాని బరువుకి ఆ చివర పైకి లేవడం వల్ల వస్తుంది. ముందూ వెనకా పొడవాటి పీఠాలున్న మిషను తీసుకుంటే తగ్గుతుంది. పలకని బయటికొచ్చేవరకూ కొంచెం ఎత్తి పట్టుకున్నా తగ్గుతుంది. అన్నిటికన్నా తేలిక, పలకని ఆరంగుళాలు పొడవు ఎక్కువే ఉంచుకుని చివర్లు కోసేయడం.

పొట్టు ఎక్కడికి పోతుంది?

అడుగు వెడల్పు, నాలుగడుగుల పొడవున్న పలకలోంచి నూలు మందం తీశారనుకోండి. గట్టి చెక్కగా లెక్కేస్తే లీటరు పైచిలుకు. పొట్టుగా మారాక అది ఉబ్బి బకెట్టు నిండుతుంది. పది పలకలకి గోనె సంచులు కావాలి. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ దీనిముందు ఆగలేదు, గొట్టం వెంటనే పూడుకుపోతుంది. నాలుగంగుళాల గొట్టమున్న డస్ట్ కలెక్టర్ అయితే సరి. లేదంటే మిషనుని ఆరుబయట పెట్టుకుని, పొట్టు పడేచోట దుప్పటి కట్టి పోగుచేసుకోవాలి.

ఈ దుమ్ముని తేలిగ్గా తీసుకోకూడదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లోనే చెక్క ధూళిని మనుషుల్లో క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. జేబురుమాలు కట్టుకుంటే సరిపోదు, ఎన్95 మాస్కు ఉండాలి. చెవులకి మఫ్‌లు, కళ్లకి అద్దాలు. చేతి తొడుగులు మాత్రం వద్దు, రోలరు పట్టిందంటే వేలితో సహా లాగేస్తుంది. లుంగీ, వదులు చేతుల చొక్కా, చున్నీ, మెడలో గొలుసు... ఏవీ పనికిరావు. పలకకి ఎదురుగా కాకుండా పక్కకి నిలబడాలి, అప్పుడప్పుడు వెనక్కి తన్నొచ్చు. అడుగు కంటే పొట్టి ముక్కల్ని పంపకూడదు. రెండు రోలర్ల మధ్య చిక్కుకుని అడ్డం తిరుగుతాయి. కత్తులు మార్చేటప్పుడు స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గు పీకి కంటికి కనిపించేలా పక్కన పెట్టుకోవాలి.

కొనాలా? కొట్టించుకోవాలా?

పేరున్న కంపెనీ బల్లమీది ప్లానర్ ధర ఓ సెకండ్ హ్యాండ్ స్కూటరుతో పోటీపడుతుంది. దానికి కత్తుల జతలు, మాస్కులు, వైరింగు కలపండి. ఇప్పుడు మీ అవసరం చూడండి. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు డైనింగ్ టేబుల్ పైభాగం 18 చదరపుటడుగులు. రెండు ముఖాలూ కలిపితే 36. కాళ్లు, చట్రం వేసుకుంటే ఓ 60 అనుకోండి. మీ ఊళ్లోని టింబర్ డిపోలో చదరపుటడుగుకి ఎంత తీసుకుంటారో అడిగి గుణించండి. ఏడాదికి ఒక్క బల్ల, ఒక్క పెట్టె చేసేవాళ్లకి ఆ డబ్బు మిషను ధర దరిదాపుల్లోకి కూడా రాదు. వాళ్లు డిపోకే వెళ్లడం తెలివైన పని. రెండు నెలలకో పని మొదలుపెట్టేవాళ్లకి, ఊరికి దూరంగా ఉన్నవాళ్లకి, అర అంగుళం పలకలతో చిన్నచిన్న పెట్టెలు చేసేవాళ్లకి లెక్క మారుతుంది. డిపోలో చిన్న ముక్కల్ని ఎవరూ శ్రద్ధగా చూడరు మరి.

చేత్తో పట్టుకుని తోసే కరెంటు రందా ఉందిగా, చవక కదా అంటారు కొందరు. 82 మిల్లీమీటర్ల వెడల్పుండే ఆ పనిముట్టు తలుపు అంచు సరిచేయడానికి, దూలం పైమురికి తీయడానికి బాగుంటుంది. పలకలన్నీ ఒకే మందానికి రావడమన్నది దానివల్ల కాదు.

కొనాలనే నిర్ణయించుకుంటే, సికింద్రాబాద్ రాణిగంజ్ లాంటి మిషనరీ బజారుకి వెళ్లి, ధర కంటే ముందు రెండు ప్రశ్నలు అడగండి. దీని కత్తులు ఇప్పుడు మీ దగ్గర స్టాకున్నాయా? కార్బన్ బ్రష్షులు దొరుకుతాయా? 'తెప్పిస్తాం సార్' అన్న జవాబొస్తే ఇంకో కంపెనీది చూడండి. వెళ్లేటప్పుడు మేకుల్లేని రెండు పలకలు వెంట తీసుకెళ్లండి, ఒకటి వెడల్పుది, ఒకటి సన్నది. అక్కడే మిషన్‌లో పంపించమనండి. వెడల్పు పలక నాలుగు మూలలా వెర్నియర్ కాలిపర్ పెట్టి కొలవండి. ఎడమకీ కుడికీ పాయింట్ రెండు మిల్లీమీటర్ల తేడా వచ్చిందంటే కత్తుల రోలు పీఠానికి సమాంతరంగా లేనట్టే. సరిచేసి మళ్లీ తీసి చూపించమనండి. సరిచేయలేకపోతే ఆ పెట్టె పక్కన పెట్టి ఇంకోటి విప్పించండి.